ఎడమ పక్క వంత

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత జరిగిన బదిలీల్లో, జూన్ నెల బడులు తెరిచే వారంలో, నేను జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా చేరాను. అంతకు ముందు మహబూబాబాద్‌లో స్కూల్ అసిస్టెంటును, అంటే హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే టీచరును. నాది జీవశాస్త్రం. పదోన్నతి మీద హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్న మొదటి బడి అది. ఆ ఊరి పేరు రాయడం లేదు. ఆ కుటుంబం వాళ్లూ ఆ పిల్లలూ ఇప్పటికీ ఇక్కడిక్కడే ఉన్నారు.

హెడ్మాస్టరు అనగానే బెత్తం పట్టుకుని వరండాలో తిరిగే మనిషి గుర్తొస్తాడు చాలామందికి. నిజానికి పాఠం చెప్పే అదృష్టం ఆ పదోన్నతితోనే సగం పోతుంది. మధ్యాహ్న భోజనం, హాజరు, మరుగుదొడ్ల నీళ్లు, పై ఆఫీసుకు పంపాల్సిన వివరాలు, వీటితోనే పొద్దు గడుస్తుంది. పిల్లలతో నేరుగా కలిసి పనిచేసే అవకాశం హెడ్మాస్టరుకు మిగిలేది వార్షికోత్సవంలోనే. అందుకే నేను దాన్ని పట్టుదలగా జరిపేదాన్ని.

ఆ బడిలో అప్పటిదాకా వార్షికోత్సవమంటే సినిమా పాట పెట్టి గంతులేయడమే. అద్దె బట్టలు తెచ్చుకోగలిగిన పిల్లలు స్టేజీ ఎక్కేవాళ్లు. మిగతావాళ్లు కింద కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లు. రెండో సంవత్సరం స్టాఫ్ మీటింగులో నేను ఒక మార్పు చెప్పాను. ఈసారి ప్రతిభా ప్రదర్శన చేద్దాం, ఏ పిల్లకు ఏది వస్తే అది చూపించాలి, రికార్డు పాటలు వద్దు. మొదట టీచర్లకు నవ్వొచ్చింది. తర్వాత పిల్లలు ముందుకొచ్చిన తీరు చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు. ఆరో తరగతి పిల్లవాడొకడు పాలకుర్తి బస్సు చప్పుడు, డ్రైవర్ గేరు మార్చే చప్పుడు, కండక్టర్ ఈల, అన్నీ నోటితోనే వినిపించేవాడు. ఒక అమ్మాయి జనపనార తాడు పేనుతూ పాట పాడతానంది. ఇంకొకడు ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో చెప్పేవాడు.

మా తెలుగు పండిట్ సోమయ్య సారు మాత్రం బుర్రకథ చేయిద్దామన్నారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో తంబుర పట్టుకుని కథ నడిపేది కథకురాలు. ఆమెకు రెండు పక్కలా డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్లు ఇద్దరుంటారు. కుడి పక్క వంత లోకం తీరు తెలిసిన మనిషిలాగా మాట్లాడుతుంది. ఎడమ పక్క వంతది హాస్యం. కథ బరువెక్కినప్పుడల్లా ఆ మనిషి ఏదో ఒక అల్లరి మాట అని జనాన్ని నవ్విస్తుంది. హాస్యం వంత సరిగా లేకపోతే కథ నడవదని సోమయ్య సారు అనేవారు. ఆయన ఆ ఊరి చెరువు మీద సొంతంగా కథ రాశారు. వానలు పడక చెరువు ఎండిపోవడం, ఊళ్లో వాళ్లు తలా ఒక గంప పట్టుకుని పూడిక తీయడం, చివరికి చెరువు నిండి మత్తడి దుంకడం, అంటే నిండిన నీళ్లు అలుగు మీదుగా పారడం, ఇదీ కథ.

ఎనిమిదో తరగతిలో ముగ్గురు ఆడపిల్లలు దొరికారు. కథ చెప్పేందుకు శ్రావణి, గొంతు మంచిది, తల ఎత్తి మాట్లాడే పిల్ల. కుడి పక్కకు సంధ్య, నిదానం, నవ్వు అరుదు. ఎడమ పక్కకు ఎస్తేరు.

ఎస్తేరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆమె తండ్రి యాదగిరి, రెండెకరాల పత్తి రైతు. తల్లి రూతమ్మ ఆదివారం ప్రార్థనకు పోతుంది, తండ్రి ఏటా కొమురెల్లి జాతరకు పోతాడు. ఇంట్లో దాని గురించి పేచీ ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. ఎస్తేరు చిన్న మనిషి, వయసుకు తగ్గ ఎత్తు లేదు. కానీ ఆ పిల్ల ఉన్న చోట నిశ్శబ్దం ఉండేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, "ముందుగాల పెద్దగయితనో లేదో చూడున్రి సార్, మూడేండ్ల సంది గింతే ఉన్న" అంది. తన పొట్టితనం మీద తనే వేసుకున్న హాస్యమది. ఆయన ఫైలు పక్కన పెట్టి నవ్వారు.

దసరా సెలవుల తర్వాత సాధన మొదలైంది. ఆఖరి పీరియడులో, సైన్సు గది వెనక చింత నీడలో. నేను ఆఫీసు గదిలో కూర్చున్నా వాళ్ల మాటలు వినపడేవి.

శ్రావణి తంబుర మీటుతూ ఎత్తుకునేది: "ఎండిపోయెను చెరువమ్మా, ఎదురుజూసెను ఊరమ్మా..."

ఇద్దరు వంతలూ "తందాన తాన" అనేవాళ్లు. అంతలో సంధ్య డక్కీ ఆపేది.

"అక్కా, చెరువు ఎండితే గండ్ల కప్పలు ఏడికి వోయినయే?"

"ఏడికి వోతయే, బాయిలకు వోతయి" అనేది శ్రావణి.

"కాదే! బస్సెక్కి జనగామకు వోయి, రూం కిరాయికి తీసుకున్నయట!" అనేది ఎస్తేరు.

ఊళ్లో సగం ఇళ్లవాళ్లు పని కోసం జనగామలో గదులు అద్దెకు తీసుకుని ఉన్నవాళ్లే కనుక ఆ మాటకు పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. సోమయ్య సారు రాసిన కాగితంలో కప్పలు బావిలోకి పోవడం వరకే ఉంది. కిరాయి మాట ఎస్తేరు కల్పించింది. సారు దాన్ని అట్లాగే ఉండనిచ్చారు.

పత్తి ఏరే కాలంలో మా బళ్లలో హాజరు తగ్గుతుంది. సెలవు రోజుల్లోనైతే పిల్లలందరూ చేలల్లోనే. కూలి దొరకని ఇళ్లల్లో వాళ్ల చేతులు కూడా అవసరమే. దీపావళి దాటిన తర్వాత, ఒక రెండో శనివారం, ఎస్తేరు తల్లిదండ్రులతో కలిసి పత్తి ఏరడానికి పోయింది. రాలిన ఆకుల కింద నాగుపాము ఉంది. తండ్రి బండి మీద ఎక్కించుకుని రోడ్డు దాకా తెచ్చాడు, అక్కడ అంబులెన్సు అందుకుంది. జనగామ దవాఖాన చేరే లోపే పిల్ల ప్రాణం పోయింది.

నాకు ఫోను చేసింది సోమయ్య సారు. "మేడం, మన ఎస్తేరు" అన్నారు.

సోమవారం ప్రార్థన సమయంలో సంతాపం తెలిపి బడికి సెలవిచ్చాం. మంగళవారం ఎనిమిదో తరగతి క్లాసు టీచరు హాజరు పిలుస్తూ అలవాటు కొద్దీ ఆ పేరు కూడా పిలిచేసింది. ఎవరూ పలకలేదు. ఆమె పుస్తకం మూసి ఆఫీసు గదికి వచ్చేసింది. ఆ పీరియడు నేను వెళ్లి కూర్చున్నాను. కిరణజన్య సంయోగక్రియ చెప్పడానికి సుద్దముక్క తీసుకున్నాను కానీ, పిల్లలందరూ మూడో బెంచీలో ఖాళీ అయిన చోటు వైపు చూడకుండా ఉండటానికి నా వైపే కళ్లార్పకుండా చూస్తున్నారు. పాఠం సాగలేదు. నేను వాళ్లతోపాటు ఊరికే కూర్చున్నాను.

సాధన ఆగిపోయింది. శ్రావణి తంబుర తెచ్చి ఆఫీసు గదిలో మూలకు పెట్టి వెళ్లిపోయింది.

జనవరిలో వార్షికోత్సవం సంగతి తేల్చాల్సి వచ్చింది. కార్యక్రమం జరపాలంటే మండల విద్యాధికారికి తెలియజేయాలి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేయాలి. ఆ కమిటీలో ఉండేది పిల్లల తల్లిదండ్రులే. మా చైర్మన్ బాలయ్య ఇద్దరు పిల్లల తండ్రి, ట్రాక్టరు నడుపుతాడు, మాట సూటి.

"పిల్ల వోయిన బడిల పాటలేంది మేడం? ఊరోల్లు ఏమంటరు?" అన్నాడు.

సోమయ్య సారు కూడా వద్దనే అన్నారు. ఆయన కారణం వేరు. ఆ కథ కాగితాలు చేతిలోకి తీసుకోలేనన్నారు. ఇతర టీచర్లలో ఒకరిద్దరికి, మిగతా పిల్లలు ఇంత సాధన చేసిన తర్వాత ఆపడం సరికాదని ఉంది గానీ పైకి గట్టిగా అనలేదు. నాకు కూడా ఆపడమే మర్యాద అనిపించింది. ఆపేద్దామని తీర్మానించుకున్నాం. ఆ మాట ఎస్తేరు తల్లిదండ్రులకు నేనే స్వయంగా చెప్పి వస్తానన్నాను. బడి తరఫున వాళ్ల దుఃఖాన్ని గౌరవించామని తెలిస్తే కొంత ఊరటగా ఉంటుందనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో యాదగిరి గొడ్డలికి కొత్త కామ, అంటే కర్ర పిడి, దిగేస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేసి మళ్లీ తన పనిలో పడ్డాడు. ఆ పిల్లను చేనుకు రమ్మన్నది తానేనని అతను ఊళ్లో ఎవరితో మాట్లాడినా అదే మాట అనేవాడని, తర్వాత ఎవరితోనూ మాట్లాడటం మానేశాడని అంతకు ముందే విన్నాను. రూతమ్మ లోపల నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చి గడప మీద కూర్చుంది.

నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. ఈసారి వార్షికోత్సవం చేయడం లేదమ్మా, ఎస్తేరు లేకుండా చేయాలని ఎవరికీ లేదు, అన్నాను.

రూతమ్మ నా చేతిలోని గ్లాసు అందుకుంది.

"బంద్ వెట్టిన్రా?"

"అవునమ్మా."

"ఎందుకు బంద్ వెట్టిన్రు మేడం? నేను అద్దన్ననా?"

ఆమె కోపంగా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మీకు బాధ కలుగుతుందని, అన్నాను.

"మా పొల్ల బోళ్లు తోముకుంట దినాం గవ్వే మాటలు చెప్పేది. 'కాదే, కప్పలు కిరాయికి తీసుకున్నయట' అనేది. 'మబ్బు గాదే, ఆయన పెండ్లాం మూతి ముడుసుకొని నిలవడ్డది' అనేది. ఒక్కతే నవ్వేది. ఎవలతోని మాట్లాడుతున్నవే పిస్సదానా అంటే, 'అవ్వా, నాకాడ జవాబులే ఉన్నయ్, అడిగేటోల్లు బడిల ఉన్నరు' అనేది." ఆమె అక్కడ ఆగి కొంగుతో మెడ తుడుచుకుంది. "మొత్తం కతేందో నాకెరుక లేదు మేడం. వార్షికోత్సవం నాడు వస్తవు గదా, అప్పుడు ఇందువుతియ్ అన్నది. గది ఇనాల్నని ఉండె నాకు. మీరేమో బంద్ వెట్టిన్రు."

యాదగిరి చేతిలో పని ఆగింది. తల ఎత్తకుండానే అన్నాడు: "నేనైతే రాను. నీకు పోవాల్నని ఉంటె పో."

నేను బడికి తిరిగి నడుస్తూ ఒకటే ఆలోచించాను. మేమందరం ఆమె మనసు గురించే మాట్లాడుకున్నాం. ఆమెను అడిగినవాళ్లు లేరు.

మళ్లీ కమిటీని పిలిచాను. రూతమ్మ అన్న మాటలు అన్నట్టుగా చెప్పాను. బాలయ్య మీసం తిప్పుకుంటూ, "తల్లే అన్నంక మనమెవలం మేడం" అని సంతకం చేశాడు. సోమయ్య సారు లేచి కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డారు. అట్లా నిలబడే, "ఆ ఇద్దరు పిల్లలను కూడా అడగాలి" అన్నారు. అది సరైన మాట.

శ్రావణినీ సంధ్యనూ విడివిడిగా పిలిచి అడిగాను. ఎడమ పక్కకు ఏడో తరగతి నుంచి ఒక చురుకైన పిల్లను తీసుకుందామా అని శ్రావణితో అంటే, అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్ల తల ఎత్తింది.

"ఆమె జాగల ఇంకొకరు నిలవడితె నాకు కత రాదు మేడం."

మరి హాస్యం మాటలు తీసేద్దామా అంటే దానికీ వద్దంది. అయితే ఎట్లా అని సంధ్యను అడిగాను. ఆ నిదానం పిల్ల వేళ్లు విరుచుకుని, "ఆమెవి గూడ నేనే చెప్త" అంది.

మళ్లీ సాధన మొదలైంది. మొదటి వారం భరించడం కష్టమైంది. కప్పల మాట దగ్గరికి వచ్చేసరికి సంధ్య ఏడ్చేసేది. శ్రావణి తంబుర మీటుతూనే ఉండేది, ఆమె తేరుకునేదాకా. సోమయ్య సారు దిద్దలేదు, తొందరపెట్టలేదు. ఒకరోజు సంధ్య ఏడవకుండా ఆ మాట పూర్తి చేసింది. మరుసటి రోజు కొంచెం గొంతు మార్చింది, ఎస్తేరు అన్నట్టు 'కిరాయికి' అన్న మాటను సాగదీసింది. అప్పుడు శ్రావణికి నవ్వు వచ్చింది. నవ్వినందుకు భయపడి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సారు "నవ్వు బిడ్డా, తప్పు లేదు" అన్నారు. కథ చివరి భాగం, చెరువు నిండే ఘట్టం, ఎస్తేరు ఉన్నప్పుడు ఇంకా నేర్పలేదు. దాన్ని ఈ ఇద్దరికే కొత్తగా నేర్పారు. అందులోనూ హాస్యం వంతకు మాటలున్నాయి. వాటినీ సంధ్యే నేర్చుకుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కార్యక్రమం జరిగింది. బడి ఆవరణలో షామియానా, వెనక నీలం తెర. మండల విద్యాధికారి ముఖ్య అతిథి. సర్వీసు మర్యాద ప్రకారం ప్రధానోపాధ్యాయురాలు వేదిక మీద అతిథి పక్కన కూర్చోవాలి. స్వాగతం చెప్పడం కాగానే నేను ఆయన అనుమతి అడిగి కిందికి దిగాను. రూతమ్మ ఆడవాళ్ల వైపు వెనక వరసలో కూర్చుంది. తీసుకొచ్చి రెండో వరసలో కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. యాదగిరి రాలేదు.

బస్సు చప్పుడు చేసే పిల్లవాడు బాగా రక్తి కట్టించాడు. పాలకుర్తి బస్సు ఎత్తు ఎక్కలేక మొరాయించే చప్పుడుకు ముసలివాళ్లు కూడా నవ్వారు. తాడు పేనే అమ్మాయికి పాట మధ్యలో దారం తెగింది, ఆమె కంగారుపడకుండా ముడి వేసుకుని అక్కడి నుంచే ఎత్తుకుంది. రూతమ్మ అన్నీ చూస్తోంది గానీ ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. ఎవరి పిల్ల, ఎవరి పిల్లగాడు అని మాత్రం అడుగుతోంది. చెప్తే తల ఊపుతోంది.

తర్వాత బుర్రకథ. శ్రావణి మధ్యలో నిలబడింది. కుడి పక్కన సంధ్య. ఎడమ పక్కన ఎవరూ లేరు. సారు ఎవరినీ జరిగి నిలబడమని చెప్పలేదు. ముందు కూర్చున్న ఊరివాళ్లకు అర్థమైంది.

"ఎండిపోయెను చెరువమ్మా, ఎదురుజూసెను ఊరమ్మా..."

"తందాన తాన" అని సంధ్య ఒక్క గొంతు పలికింది. రెండు గొంతులు వినడానికి అలవాటుపడ్డ నాకు అది చాలా పలచగా వినిపించింది.

సంధ్య డక్కీ ఆపి, "అక్కా, చెరువు ఎండితే గండ్ల కప్పలు ఏడికి వోయినయే?" అంది. శ్రావణి తన మాట చెప్పింది. "ఏడికి వోతయే, బాయిలకు వోతయి."

ఎస్తేరు మాట అనడానికి సంధ్య ఎడమ పక్కకు జరిగే లోపే నా పక్కన రూతమ్మ పెదవులు కదిలాయి.

"కాదే. బస్సెక్కి జనగామకు వోయి రూం కిరాయికి తీసుకున్నయట."

గట్టిగా అనలేదు. పక్కనున్న నాకు మాత్రం వినిపించేంత. స్టేజీ మీద సంధ్య అదే మాట అంది. ముందు వరసలో చిన్న పిల్లలు అలవాటుగా పకపకా నవ్వారు. వెనక ఉన్న పెద్ద పిల్లలు వాళ్లను 'ష్' అని గదిమారు. ఒక టీచరు కూడా లేచి నవ్వొద్దని చెయ్యి చూపించింది. రూతమ్మ ఒక్కసారి ముందుకు వంగి, అందరికీ వినిపించేటట్టే అంది:

"అద్దనకున్రి. నవ్వనియ్యున్రి."

ఆ టీచరు కూర్చుండిపోయింది. పిల్లలు ఒకసారి మా వైపు తిరిగి చూసి మళ్లీ స్టేజీ వైపు తిరిగారు.

ఆ తర్వాత కథ సాగింది. రైతు ఆకాశం వైపు చూశాడు, ఏం కనబడింది అని కుడి వంత అడిగింది. మబ్బు అని కథకురాలు పాడింది. రూతమ్మ, "మబ్బు గాదే" అని ముందే అందుకుంది. పూడిక తీసే ఘట్టంలో పటేలు గంప ఎత్తలేక కింద పడే మాట, సర్పంచు మట్టిలో చెప్పులు వెతుక్కునే మాట, అన్నీ ఆమెకు వచ్చు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆమె కొంచెం తల వంచి శ్రద్ధగా వింది. ప్రశ్న అయిపోగానే, అదా సంగతి అన్నట్టు చిన్నగా గొంతు సవరించుకుని జవాబు చెప్పుకుంది. ఒకచోట "గిందుకా గట్లంటుండె" అని తనలో తాను అనుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. ఆ పనికి చేతులు ఖాళీ లేనట్టు రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కథ చివరి భాగంలోకి వచ్చింది. శ్రావణి గొంతు పెంచి, మబ్బులు కమ్మడం, మొదటి వాన పడటం పాడింది. సంధ్య ఎడమ పక్కకు జరిగి, వానలో తడిసిన ముసలవ్వ గొడుగు మేకకు పట్టిన మాట అంది. నా పక్కన ఏమీ వినిపించలేదు. నేను తల తిప్పి చూశాను. రూతమ్మ పెదవులు కదపడం ఆగిపోయి, స్టేజీ వైపు అయోమయంగా చూస్తోంది. సంధ్య ఇంకొక మాట అంది. రూతమ్మ నా వైపు తిరిగింది.

"గిది మా పొల్లకు రాదు మేడం."

"ఇది తర్వాత నేర్పినమమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. కథ అయిపోయే దాకా మళ్లీ పెదవి కదపలేదు. మంగళం పాడి పిల్లలిద్దరూ దండం పెట్టారు. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే బాలయ్య లేచి నిలబడి కొట్టాడు. అప్పుడు అందరూ కొట్టారు. ఆ చప్పుడులో రూతమ్మ నా చెవి దగ్గరకు వంగింది.

"చెరువు నిండినట్టేనా మేడం?"

"నిండిందమ్మా. మత్తడి దుంకింది."

"మంచిది" అంది.

పిల్లలు దిగి వచ్చాక ఆమె లేచి వాళ్ల దగ్గరకు పోయింది. సంధ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. రూతమ్మ ఆ పిల్ల ముఖం మీది చెమట కొంగుతో తుడిచి, "జర మెల్లగ చెప్తున్నవ్ బిడ్డా. మాది గబగబ చెప్పేది. గబగబ చెప్తెనే నవ్వొస్తది" అంది. సంధ్య ఏడుపు మధ్యలోనే, సరే అన్నట్టు తల ఊపింది. శ్రావణి మాత్రం ఏడవలేదు. తంబుర దించి, రూతమ్మ భుజానికి ఆనుకుని నిలబడింది. బహుమతుల ప్రకటన కోసం మైకులో పేర్లు పిలుస్తున్నా ముగ్గురూ అక్కడి నుంచి కదల్లేదు.

బుర్రకథ మండల స్థాయి పోటీలకు పోవాల్సింది. విద్యాధికారి స్వయంగా అడిగారు కూడా, మూడో పిల్లను పెట్టి పంపండి అని. పిల్లలు పోము అన్నారని చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు. శ్రావణి, సంధ్య ఆ తర్వాత ఏ వేదిక మీదా ఆ కథ చెప్పలేదు. శ్రావణి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. సంధ్య డిగ్రీ మధ్యలో ఆపి జనగామలో బట్టల దుకాణంలో పని చేస్తోందని విన్నాను.

యాదగిరి మరుసటి ఏడు పత్తి వేయలేదు. భూమి కౌలుకిచ్చి భార్యాభర్తలిద్దరూ మహబూబాబాద్‌లో రూతమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చేశారు. మా ఇల్లు కూడా ఆ పట్నంలోనే. ఒకసారి దసరా సెలవుల్లో కూరగాయల మార్కెట్లో రూతమ్మ కనిపించింది. ఒక ఆసుపత్రిలో ఊడ్చే పనికి పోతున్నానని చెప్పింది. యాదగిరి ఎట్లా ఉన్నాడని అడిగాను. ఉన్నడు, అంది. తర్వాత తనే చెప్పింది: మొన్న వానాకాలంలో బాగా వాన కొడుతుంటే, తలుపు దగ్గర కూర్చున్న మనిషి ఉన్నట్టుండి, "ఆ కతల ఆఖరికి ఏమైతదే?" అని అడిగాడట.

"చెప్పినవా?" అన్నాను.

"చెప్పిన మేడం. మొదటి నుంచి చెప్పుమన్నడు. ఆమె మాటలైతే అన్నీ వచ్చు గని, అడిగేటియి ఒక్కపారే ఇన్న గదా, నడుమ నడుమ మర్సిపోయిన. నా తోని అయినకాడికి చెప్పిన. కప్పల మాట కాడ ఆయన నవ్విండు. నవ్వి బయటికి వోయి వానల నిలవడ్డడు."

ఆమె కొత్తిమీర కట్ట సంచిలో వేసుకుని, ఆటో పోతుందని వెళ్లిపోయింది.

పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు భూపాలపల్లి జిల్లాలో. అక్కడ కూడా ఒక సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు జ్వరంతో పోయాడు. వార్షికోత్సవం దగ్గరపడింది. టీచర్లు ఆఫీసు గదిలో చేరి, జరపాలా వద్దా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. నేను వాళ్లను ఆపి, ముందుగా ఆ పిల్లవాడి ఇంటికి పోయాను. బచ్చన్నపేట మండలంలో జరిగింది మనసులో ఉంది కనుక, ఈ తల్లి కూడా జరపమంటుందేమో అని ఎక్కడో ఆశ కూడా ఉంది. ఆమె ఇల్లు బడి ప్రహరీకి ఆనుకునే ఉంది. "పాటల చప్పుడు ఇంట్లకు ఇనవడ్తది మేడం. ఈ యేడు అద్దు" అని చెప్పింది. సరేనమ్మా అన్నాను. బడికి వచ్చి, ఈ సంవత్సరం కార్యక్రమం లేదని చెప్పి, విద్యాధికారికి సమాచారం పంపించాను.

ఈ రెండు నిర్ణయాల్లో ఏది సరైనదని కొత్తగా హెడ్మాస్టర్లయిన వాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతారు. రెండూ సరైనవే. బడిలో ఒక పిల్ల చనిపోతే ఏం చేయాలో నేను చూసిన ఏ ఉత్తర్వులోనూ రాసి లేదు. పోగొట్టుకున్న వాళ్లకు ఏం కావాలో మనమే ఊహించుకుని, ఆ ఊహకు మర్యాద అని పేరు పెడతాం. వెళ్లి అడగాలి. వాళ్లు ఏం చెబితే అది చేయాలి.